రూఫ్ టాప్ టెంటా, నేల మీద టెంటా: స్కార్పియో-ఎన్ ఉన్న కుటుంబానికి నా సమాధానం

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకూ తెలుస్తుంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, బండి స్కార్పియో-ఎన్. మీరిద్దరు, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, కొన్ని ట్రిప్పులకు మీ అమ్మగారు కూడా. రెండ్రోజుల సెలవు దొరికితే వికారాబాద్, లక్నవరం, గండికోట. చలికాలంలో లంబసింగి, అరకు. ఎప్పటికైనా హిమాచల్‌లోని స్పితి వెళ్లాలని కోరిక. నేల మీద పడుకుంటే పాములొస్తాయన్న టెన్షన్‌తో బండి పైన బిగించే టెంట్‌కు లక్షన్నర దాకా పెట్టాలనుకుంటున్నారు. పెట్టొచ్చా అని అడిగారు.

నేను రెండు రకాలూ చాలాకాలంగా వాడుతున్నాను. మీ ఇంటి పరిస్థితికి, మీరు చెప్పిన ఊళ్లకి నా సలహా నేల టెంటే. రూఫ్ టెంట్ చెడ్డదని కాదు. అది సరిగ్గా సరిపోయే ప్రయాణాలున్నాయి, వాటి సంగతీ కింద రాస్తాను. కానీ మీరు చేసే ట్రిప్పులు అవి కావు.

చాలామంది ఈ రెండింటినీ ఖరీదు, సుఖం, భద్రత అని బేరీజు వేస్తారు. నా లెక్కలో వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు రోజూ ఊరు మారుతూ పోతారా, లేక ఒకచోట దిగి అక్కడే రెండు రాత్రులు ఉంటారా? రూఫ్ టెంట్ వేశారంటే బండి కదలదు. రాత్రి పాపకు జ్వరం వచ్చినా, పొద్దున పాలప్యాకెట్ కావాలన్నా, వనజంగిలో తెల్లవారకముందే మబ్బులు చూడటానికి కొండ కిందిదాకా పోవాలన్నా, ముందు పరుపు సర్ది, టెంట్ మడిచి, కవర్ లాగి, బెల్టులు బిగించాలి. గట్టి షెల్ ఉన్న రకమైతే రెండు మూడు నిమిషాల పని. బట్ట కవర్ రకమైతే చలికి చేతులు కొంకర్లు పోతున్నప్పుడు, మంచుకు తడిసి బిగుసుకున్న కవర్ జిప్‌తో పావుగంట కుస్తీ. నేల టెంట్ అయితే తాళం తీసి బండెక్కి వెళ్లిపోతారు. ఇల్లు అక్కడే ఉంటుంది, అమ్మగారు, పిల్లలు నిద్ర లేవక్కర్లేదు. గండికోటలో రెండు రోజులుండి, మధ్యలో బెలుం గుహలు చూసి రావాలనుకునే కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది.

ఇక బరువు. అమ్మేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసేస్తారు గానీ, అసలు ఆగి చూడాల్సింది ఇక్కడే. బట్ట కవర్‌తో వచ్చే రూఫ్ టెంట్ 45 నుంచి 70 కిలోలు ఉంటుంది. ఫైబర్ లేదా అల్యూమినియం షెల్ ఉన్నవి 60 నుంచి 90 కిలోలు. దాని కింద రూఫ్‌కు అడ్డంగా బిగించే కడ్డీలు (క్రాస్ బార్లు) గానీ, పూర్తి ర్యాక్ గానీ మరో 8 నుంచి 25 కిలోలు. బండి నడుస్తున్నప్పుడు రూఫ్ ఎంత మోయగలదో మీ ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా బండ్లకు అది 50, 75, 100 కిలోల దగ్గరే ఆగిపోతుంది. ఆ అంకెలోనే ర్యాక్ బరువూ కలుస్తుంది. అంటే 75 కిలోల పరిమితి ఉన్న బండిపై 10 కిలోల బార్లు, 65 కిలోల టెంట్ పెడితే ఇక కుర్చీ కాదు కదా, తడి టవల్ కూడా పైన వేయకూడదు. వాన తడిసిన కాన్వాస్ టెంట్ బరువు పెరుగుతుందన్నది ఇంకో సంగతి.

"మరి పైన నలుగురు పడుకుంటే రెండు వందల కిలోలు దాటదా" అని అందరికీ వచ్చే అనుమానమే. ఆగి ఉన్న బండి రూఫ్ మోసే బరువు వేరు, నడిచే బండి మోసే బరువు వేరు. ఆగి ఉన్నప్పుడు బరువు కదలకుండా కిందికి మాత్రమే పడుతుంది, పిల్లర్లు దాన్ని తేలిగ్గా మోస్తాయి. మాన్యువల్‌లో ఉన్న అంకెకు మూడు నాలుగు రెట్లు ఆగినప్పుడు మోస్తుందని ఈ రంగంలో అందరూ పట్టుకునే లెక్క. నడుస్తున్నప్పుడు మాత్రం బ్రేకు వేస్తే ముందుకు, మలుపులో పక్కకు, మన ఊళ్లలో గీతలు కూడా లేని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పైకీ కిందికీ ఆ బరువు రూఫ్‌ను లాగుతుంది. అందుకే నడిచేటప్పటి అంకెకే కట్టుబడాలి. ర్యాక్ కొనేటప్పుడు నడిచేటప్పుడు ఎంత, ఆగినప్పుడు ఎంత అని రెండు అంకెలూ కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇవ్వలేని షాపులో కొనకండి.

ఇంకో మాట. మన ఎస్‌యూవీల్లో కొన్నిటికి మెరిసే రూఫ్ రెయిల్స్ కేవలం అందానికి పెట్టినవి, బరువు మోయడానికి కాదు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. "రెయిల్స్ ఉన్నాయిగా సార్, బిగించేద్దాం" అనేవాళ్ల మాట నమ్మొద్దు, మాన్యువల్ నమ్మండి. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ అయితే ర్యాక్ బిగించాక అది పైకి లేవడానికి చోటుంటుందా లేదా కూడా చూడాలి. లేకపోతే ట్రిప్‌లో పిల్లలు బటన్ నొక్కితే గ్లాసు బార్‌కు తగులుతుంది.

అంత ఎత్తున అరవై, డెబ్బై కిలోలు పెట్టాక బండి నడక మారుతుంది. స్కార్పియో-ఎన్ అసలే ఎత్తైన బండి. శ్రీశైలం ఘాట్‌లోనో, అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్‌లోనో హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు బండి పక్కకు ఒరగడం మామూలుకన్నా ఎక్కువ అనిపిస్తుంది, వెనక సీట్లో పిల్లలకు వాంతులు పెరుగుతాయి. మలుపుల్లో వేగం తగ్గించి నడిపితే భయం లేదు, కానీ ఈ తేడా తెలిసిన చేయే స్టీరింగ్ పట్టాలి. హైవే మీద గాలి హోరు వినిపిస్తుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. ట్రిప్ లేని రోజుల్లో కూడా టెంట్ పైనే ఉంటే ఆ డీజిల్ ఖర్చు ఆఫీసుకు వెళ్లేటప్పుడు కూడా పడుతుంది.

మరి తీసి ఇంట్లో పెట్టొచ్చు కదా అంటారా? మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటారని చెప్పారు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. స్కార్పియో-ఎన్ ఎత్తు 1857 మి.మీ. క్రాస్ బార్లకు 8 నుంచి 10 సెం.మీ., మడిచిన టెంట్‌కు 25 నుంచి 30 సెం.మీ. కలపండి. 2.2 మీటర్ల దగ్గరికి వచ్చేసింది, దాటనూ వచ్చు. మీ సెల్లార్‌లో స్లాబు ఎత్తు కాదు, దాని కింద వేలాడే డ్రైనేజీ పైపులు, ఫైర్ స్ప్రింక్లర్ పైపుల కింద నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ర్యాంప్ దిగే మలుపులో బండి ముందు చక్రాలు కిందికి దిగాక వెనక భాగం ఇంకా పైనే ఉంటుంది, అక్కడే పైకప్పు గీసుకుంటుంది. మాల్ పార్కింగ్‌లలో వేలాడదీసే ఎత్తు బోర్డు చాలాచోట్ల 2.1 మీటర్లే. టెంట్ దించి పెట్టాలంటే ముగ్గురు, నలుగురు మనుషులు కావాలి, లేదా సీలింగ్‌కు గొలుసు కప్పీ బిగించాలి. సొంత షెడ్డు ఉన్న ఇంటికి ఇది సమస్యే కాదు. సెల్లార్‌లో ఒక గడి పార్కింగ్ ఉన్నవాళ్లకు ఏడాదంతా ఉండే తలనొప్పి.

అమ్మగారి విషయం. నిచ్చెన రెండు మీటర్ల పైనే ఉంటుంది, మెట్లు సన్నగా ఉంటాయి. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. అరవై దాటినవాళ్లు అర్ధరాత్రి రెండింటికి బాత్రూమ్ కోసం నిద్రమత్తులో వెనక్కి తిరిగి, చీకట్లో కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లను ఆ పరిస్థితిలో పెట్టకండి. ఐదేళ్ల పాపదీ అదే సంగతి. రాత్రి నిద్రలో లేచి తలుపు జిప్ తీసే వయసు. రూఫ్ టెంట్ కొన్నా సరే, పిల్లలిద్దరూ లోపలి వైపు, పెద్దవాళ్లు నిచ్చెన వైపు పడుకోవాలి, జిప్ తలలు రెండూ కలిపి పైకి లాగి క్లిప్ పెట్టాలి. పైగా నలుగురు పట్టే రూఫ్ టెంట్ అంటే వెడల్పు 180 సెం.మీ. పైనే కావాలి, అది బరువులో పై అంచున ఉంటుంది. మీ రూఫ్ పరిమితి అక్కడే అడ్డం పడే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మీ అసలు భయానికి వస్తాను.

పాముల భయం వట్టిది అనను. మన రెండు రాష్ట్రాల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ ఉన్నాయి. వీటిలో క్యాంపింగ్ చేసేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది కట్లపాము గురించి. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి చాలాసార్లు తెలియదు, వాపు కూడా పెద్దగా ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఊపిరాడకపోవడం మొదలవుతాయి. పల్లెల్లో ఆరుబయట చాపేసుకుని పడుకున్నవాళ్లు దీని బారిన పడటం మనం వింటూనే ఉంటాం. కానీ వాళ్లకూ మీకూ మధ్య పెద్ద తేడా ఉంది. మంచి టెంట్‌లో అడుగు పట్టా గోడలతో కలిపి కుట్టేసి ఉంటుంది, పైగా ఆ పట్టా అంచులు జానెడు ఎత్తు దాకా గోడలా లేచి ఉంటాయి. జిప్ మూసి ఉంటే పాము లోపలికి రావడానికి దారి లేదు.

ప్రమాదం ఉన్నది ఆ జిప్ దగ్గరే. తలుపు జిప్‌కు రెండు తలలుంటాయి. చాలామంది వాటిని కింది మూలలో కలుపుతారు, అక్కడ రెండు వేళ్లు పట్టేంత సందు మిగిలిపోతుంది. తేలుకైనా, పాము పిల్లకైనా ఆ సందు చాలు. రెండు తలలనూ తలుపు మధ్య ఎత్తులో కలపండి, సందు నేలకు దూరంగా ఉంటుంది. పిల్లలు బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ జిప్ మూశారో లేదో చూసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. పగలంతా టెంట్ తెరిచి పెట్టి రాత్రి మూసేస్తే లాభం లేదు, అప్పటికే లోపల దూరినది లోపలే ఉంటుంది. పడుకునేముందు దుప్పట్లు, బ్యాగులు ఎత్తి టార్చ్‌తో ఒకసారి చూడాలి. పెద్ద ఫ్యామిలీ టెంట్లలో ముందు వరండా భాగానికి అడుగు పట్టా ఉండదు, లేదా విడిగా పరిచేది ఉంటుంది. అక్కడ ఎవరినీ పడుకోబెట్టకండి.

పాముకాట్లకు ఎక్కువ అవకాశం టెంట్ బయట నడిచేటప్పుడే. రాత్రి చెప్పుల్లేకుండా, టార్చ్ లేకుండా గడ్డిలో నడిచినప్పుడు, కట్టెల కుప్పలో చెయ్యి పెట్టినప్పుడు. రూఫ్ టెంట్‌లో పడుకున్నవాళ్లు కూడా బాత్రూమ్‌కు కిందికే దిగాలి కదా. పైగా వాళ్ల బూట్లు రాత్రంతా నిచ్చెన కింద నేల మీదే ఉంటాయి. తేళ్లు బూట్లలో దూరడం మామూలు విషయం. ఏ టెంట్ అయినా బూట్లు సంచిలో వేసి లోపల పెట్టుకోండి, లేదా ఎత్తున వేలాడదీయండి, వేసుకునేముందు దులపండి. మిగిలిన అన్నం, చిప్స్ ముక్కలు టెంట్ చుట్టూ పడేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి. తిండి సామాను మొత్తం బండిలో పెట్టి తాళం వేయండి. నల్లమల చుట్టుపక్కల ఎలుగుబంట్లు ఉన్నాయి, వాటికీ ఇదే జాగ్రత్త. ఎలుగుకు బండి రూఫ్ ఎత్తు ఒక లెక్క కాదు, కాబట్టి ఆ ధైర్యంతో లక్షన్నర పెట్టొద్దు.

ఒకవేళ కాటు పడితే, లేదా పడిందేమోనని అనుమానం ఉన్నా, కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే బయలుదేరాలి. దిగిన రోజు సాయంత్రమే దగ్గర్లోని ఆసుపత్రి ఏదో, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పెట్టుకోండి. ఇక్కడ మళ్లీ నేల టెంట్‌కే మొగ్గు. బండి ఆ క్షణంలోనే కదులుతుంది.

రూఫ్ టెంట్ నిజంగా గెలిచే చోట్లు చెప్తాను, న్యాయంగా.

మొదటిది ఎండాకాలం గండికోట. అక్కడ పెన్నా లోయ అంచు అంతా ఎర్ర రాతి పలక. టెంట్ తాళ్లు కట్టే మేకు, అదే పెగ్గు, దిగదు. పగలంతా ఎండకు కాలిన ఆ రాయి రాత్రి పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది, నేల టెంట్‌లో వీపు కింద ఆ వేడి తెలుస్తుంది. రెండు మీటర్ల ఎత్తున నాలుగు వైపులా దోమల జాలీ తెరుచుకుని పడుకుంటే గాలి ఆడుతుంది. అయితే అక్కడి ఈదురుగాలికి ఎత్తున ఉన్న టెంటే ఎక్కువ ఊగుతుంది, బండి సస్పెన్షన్ మీద మొత్తం కదులుతూ ఉంటుంది. అలాంటి రాత్రి బండిని గాలికి ఎదురుగా, టెంట్ మడత వైపు గాలి తగిలేలా నిలపాలి.

రెండోది మీరు కలగంటున్న స్పితి. రోజుకో ఊరు, రాళ్ల నేల, గాలి, సాయంత్రం బాగా పొద్దుపోయాక చేరడం, పొద్దున్నే కదలడం. అలాంటి పది పన్నెండు రోజుల ప్రయాణంలో, అందులోనూ ఇద్దరే వెళ్తే, రూఫ్ టెంట్‌కు సాటి లేదు. పరుపు, దుప్పట్లు అందులోనే మడిచి పెట్టొచ్చు, డిక్కీ ఖాళీగా ఉంటుంది. దారిలో ఏ ఢాబా యజమానినో అడిగి, అక్కడే భోజనం చేసి, వాళ్ల పార్కింగ్‌లో ఒక మూల బండి పెట్టుకుని పైన పడుకోవచ్చు. లారీలు తిరిగే ఆ కంకర నేల మీద నేల టెంట్ వేయడం మాత్రం ప్రమాదం, డ్రైవర్‌కు కనపడదు. చంద్రతాల్ సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, దూరంగా ఉన్న క్యాంపుల దగ్గరే ఆగాలి, ఇది రెండు రకాలకూ వర్తిస్తుంది. స్పితి వెళ్లే ఏడాది వచ్చినప్పుడు హిమాచల్ వైపు రూఫ్ టెంట్ బిగించిన బండ్లు అద్దెకు దొరుకుతాయేమో చూడండి. మీ బండికి ఏడాది పొడవునా మోపడంకన్నా అది నయం.

మూడోది వానలు పడ్డ నల్లరేగడి. ఒక్క జల్లు పడితే చాలు, ఆ మట్టి బూటుకు కిలో చొప్పున అంటుకుంటుంది, నేల టెంట్ గుమ్మం దగ్గరే రొచ్చు అయిపోతుంది. పైన పడుకున్నవాళ్లకు ఆ బాధ లేదు. కాకపోతే తెల్లారి ఆ రేగడిలోంచి బండి బయటికి రావాలి, అది ఇంకో కథ.

లంబసింగి విషయంలో చాలామంది అనుకునేది తప్పు. డిసెంబర్, జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది. పైన ఉంటే నేల చలి తగలదు కదా అంటారు. నేల చలి తగలదు గానీ, మడత విప్పి పరిచే రూఫ్ టెంట్‌లో సగం భాగం బండి బయటికి గాల్లోకి వేలాడుతుంది, దాని కింద నుంచి చల్లగాలి వీస్తూనే ఉంటుంది. పైగా మీ శరీర వేడి, ఆవిరి పరుపు గుండా దిగి కింది చల్లటి పలక మీద నీరవుతుంది. పొద్దున పరుపు ఎత్తి చూస్తే అడుగంతా చెమ్మ. పరుపు కింద గాలాడే జాలీ చాప వేయకపోతే, ఎత్తి ఆరబెట్టకుండా అలాగే మడిచి ఇంటికి తెస్తే, వారానికి నల్లటి బూజు మచ్చలు వస్తాయి. తర్వాత ఏం చేసినా ఆ వాసన పోదు. నేల టెంట్‌కూ మంచు చెమ్మ తప్పదు, కానీ దాన్ని మీ బాల్కనీలో తీగ మీద ఆరేసుకోవచ్చు. సెల్లార్‌లో బండి మీద ఉన్న టెంట్‌ను ఎక్కడ ఆరేస్తారు?

సరే, నేల టెంట్ తీసుకుంటే ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. చాలామంది టెంట్ మీదే అంతా పెట్టేసి పరుపు దగ్గర పొదుపు చేస్తారు. ఉల్టా చేయండి. నలుగురికి ఆరుగురి టెంట్ తీసుకోండి, ఎందుకంటే కంపెనీలు లెక్కేసే "ఒక మనిషి" చాప వెడల్పు చాలాసార్లు 60 సెం.మీ. దగ్గరే ఉంటుంది. పై పొర నీటిని ఆపే సామర్థ్యం, అంటే ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుంటుందో ఆ అంకె, 2000 మి.మీ. అయినా ఉండాలి, అడుగు పట్టాకు అంతకంటే ఎక్కువ. రెండు పొరల టెంటే కొనండి, ఒకే పొర ఉన్నవాటిలో తెల్లారేసరికి ఆవిరి బొట్లు మొహం మీద పడతాయి. కర్రలు ఫైబర్ అయినా పర్వాలేదు, అల్యూమినియం అయితే గాలికి మేలు.

టెంట్‌తో వచ్చే సన్నటి పెగ్గులు పార్కుల్లో గడ్డికి తప్ప ఎందుకూ పనికిరావు. మొరం నేలలో రెండు దెబ్బలకు వంగిపోతాయి. మీ ఊరి కమ్మరి దగ్గర జానెడున్నర పొడవు ఇనుప మేకులు తలకు కొక్కెం వంచి చేయించుకోండి. చాలా తక్కువ ఖర్చు, పదేళ్లు మన్నుతాయి. ఒక సుత్తి కూడా. రాతి పలక మీద అయితే పెగ్గు మాట మర్చిపోయి, ప్రతి తాడునూ పెద్ద బండరాయికి చుట్టి, ఆ రాయి ముందు ఇంకో రాయి అడ్డం పెట్టండి. తాళ్లు కట్టడం బద్ధకించకండి. వేసవి సాయంత్రాల ఈదురుగాలి ముందు కబురు పెట్టి రాదు, కట్టని టెంట్ లోపల సామానుతో సహా దొర్లిపోతుంది.

కింద పరిచే అదనపు పట్టా టెంట్ అంచుకన్నా లోపలికే ఉండాలి. బయటికి వచ్చిందంటే వాన నీళ్లన్నీ పట్టుకుని మీ కిందికే తెస్తుంది. చోటు ఎంచుకునేటప్పుడు పైకి చూడండి, ఎండుకొమ్మలున్న చెట్టు, తాటిచెట్టు, కొబ్బరిచెట్టు కింద వద్దు. ఎంత ఎండిపోయి కనిపించినా వాగులో వద్దు, వాన ఎక్కడో పైన కురిసి నీళ్లు ఇక్కడికొస్తాయి. ఉరుములు మొదలైతే ఏ టెంట్‌లోనూ ఉండొద్దు. అందరూ బండిలోకి ఎక్కి అద్దాలు మూసుకుని కూర్చోవాలి. లోహపు బండి లోపల కాపాడుతుంది, దాని పైన ఉన్న టెంట్ కాపాడదు.

పడకకు గాలి నింపే మామూలు పరుపు చలికాలానికి పనికిరాదు, లోపలి గాలి నేలతో పాటే చల్లబడి వీపు గడ్డ కడుతుంది. లోపల ఫోమ్ ఉండి తనంతట తానే గాలి పీల్చుకునే రకం తీసుకోండి, దాని కింద సెంటీమీటర్ మందం ఫోమ్ షీటు వేయండి. అమ్మగారికి మాత్రం టెంట్‌లోనే మడత మంచం. అల్యూమినియం కాళ్లున్న చిన్న మంచాలు డెకాథ్లాన్ లాంటి చోట్ల దొరుకుతాయి, కాళ్ల కింద పాత చాప ముక్కలు పెడితే అడుగు పట్టా చిరగదు. మోకాళ్లకు లేవడం తేలిక, నేల చలి ఉండదు, ఆవిడ మనసుకు కూడా మంచం మీద పడుకున్న ధైర్యం. నా మాటగా రాసుకోండి, ఇంట్లో పెద్దావిడ బాగా నిద్రపోతేనే రెండో ట్రిప్ ఉంటుంది. ఇదంతా కలిపినా రూఫ్ టెంట్ ఖరీదుకన్నా చాలా తక్కువే అవుతుంది.

స్టవ్ గానీ, నిప్పుల కుంపటి గానీ టెంట్ లోపల పెట్టొద్దు, ఎంత చలి ఉన్నా సరే. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రూఫ్ టెంట్ వాళ్లు వేలాడే భాగం కింద వంట చేయడం, హీటర్ కోసం ఇంజిన్ ఆన్ చేసి పైన పడుకోవడం కూడా చేయకూడదు.

చట్టం మాట రెండు ముక్కల్లో. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిలో మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే నొక్కి చెప్పింది. కాబట్టి ఎప్పుడైనా ర్యాక్ పెట్టిస్తే కంపెనీ యాక్సెసరీగా అమ్మే, బోల్టులు విప్పితే ఊడొచ్చేదే పెట్టించండి. రూఫ్‌కు రంధ్రాలు, వెల్డింగ్ వద్దు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. ఇక అడవి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం. బండి పైన పడుకున్నాం, నేల ముట్టుకోలేదు అంటే ఒప్పుకోరు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ టైగర్ రిజర్వు భాగంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు వదలరు, ఆ లోపలే ఎక్కడో ఆగి పడుకుందామనే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. టూరిజం శాఖ స్థలాలు, అటవీశాఖ ఎకో టూరిజం చోట్లు, రైతును అడిగి వాళ్ల తోట, ఈ మూడే మీకు దారి. తోటలో నేల టెంట్ వేస్తామంటే రైతులు తేలిగ్గా ఒప్పుకుంటారు. రెండు టన్నుల బండిని చేను మధ్యలోకి తెస్తామంటే ఒప్పుకోరు, అదీ న్యాయమే.

ఇంత చదివాక కూడా మనసు రూఫ్ టెంట్ మీదే ఉంటే, కొనేముందు షోరూమ్‌లో దాన్ని మీ చేతులతో తెరిచి, మీ చేతులతో మడిచి, కవర్ జిప్ మూసి చూడండి. సేల్స్ కుర్రాడు చేసి చూపించింది లెక్కలోకి రాదు. అమ్మగారిని తీసుకెళ్లి ఒకసారి నిచ్చెన ఎక్కి, వెనక్కి తిరిగి దిగమనండి. బిగించాక మొదటి వంద కిలోమీటర్లకు ఆగి ప్రతి బోల్టూ స్పానర్‌తో చూసుకోండి, ఆ తర్వాత ప్రతి ట్రిప్‌కు ముందూ చూసుకోండి.

మీ స్కార్పియో-ఎన్ ఏ వేరియంట్, మాన్యువల్‌లో రూఫ్ లోడ్ ఎంత రాసి ఉంది, సెల్లార్‌లో పైపు కింద ఎత్తు ఎంత వచ్చింది, ఈ మూడూ రాయండి. ఏ బరువు టెంట్ దాకా కుదురుతుందో, అసలు కుదురుతుందో లేదో లెక్క వేసి చెప్తాను.